దాలయ్య మోసిన రెండు గిన్నెలు

దాలయ్య గెలిచిన మొదటి గెలుపు తడికట్టెల మీద గెలిచింది. అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్లు. బొబ్బిలిలో ఒక మోతుబరి రైతు ఇంట పెళ్లికి, వంటల్లో సాయానికని మేనమామ వెంట వెళ్లాడు. ముహూర్తం నాటి తెల్లవారుజామున వాన పట్టుకుంది. మేనమామకి జ్వరం తగిలి పందిట్లో చాప మీద పడిపోయాడు. గాడిపొయ్యిలో కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వవు. లోపల నాలుగు వందల మంది చుట్టాలు. దాలయ్య పశువులశాల కప్పు లోపలి వరసనుంచి ఎండుతాటాకు లాగించి, మెలితిప్పి పొయ్యిలో పెట్టి, ఒక పొయ్యి మీద కట్టెలు ఆరబెడుతూ రెండో పొయ్యి మీద ఎసరు పెట్టాడు. కనురెప్పల వెంట్రుకలు కాలిపోయాయి. మధ్యాహ్నం రెండు గంటలకల్లా నాలుగు వందల విస్తళ్లలోకీ అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు వెళ్లాయి. ఒక్క మెతుకు పలుకు లేదు, ఒక్క మెతుకు మెత్తబడలేదు.

ఆ ఇంటి యజమాని ముచ్చటపడి అతనికొక ఇత్తడి గుండిగ ఇచ్చాడు. ఉత్తి గుండిగ కాదు. దాని మెడ చుట్టూ 'దాలయ్యకు బహుమానం' అని చుక్కలతో చెక్కించి మరీ ఇచ్చాడు. మూడో తరగతితో బడి మానేసిన దాలయ్య ఆ తర్వాత జన్మంతా రోజూ చదువుకున్న అక్షరాలు అవే.

ఆ గుండిగతో అతను చేసిన పనులు తక్కువవి కావు. అరసవల్లికి కోసెడు దూరంలో ఉన్న తన పల్లెలోనూ, చుట్టుపట్ల ఇరవై ఊళ్లలోనూ ముప్పై ఏళ్లలో అతను వండని పెళ్లి లేదు. నరసన్నపేటలో ఒకే ముహూర్తానికి రెండిళ్లలో వండాడు. తుపాను వచ్చిన ఏడు, బడిలో తలదాచుకున్న మూడు ఊళ్ల జనానికి తొమ్మిది రోజులు గంజి కాచి పోశాడు. ఎసట్లో పోసిన బియ్యం పొంగు చప్పుడు విని, మూత తీయకుండానే ఎంత ఉడికిందో చెప్పేవాడు. సొంతంగా ఎకరంన్నర పొలం, పెళ్లాం జగ్గమ్మ, వీధరుగు మీద పేరు కనపడేలా బోర్లించిన ఆ గుండిగ. అతని సంసారం అంతే. అతని గర్వానికి అది చాలు.

అతన్ని పెంచింది అతని అప్ప బుల్లమ్మ. అతనికంటే ఎనిమిదేళ్లు పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగింది. దాలయ్యకి ఆరేళ్లప్పుడు ఒళ్లంతా మశూచి పోసి, ఊరు ఆశ వదులుకున్నప్పుడు, పద్నాలుగేళ్ల పిల్ల పూరీ జగన్నాథుడికి మొక్కుకుంది. తమ్ముడు బతికితే నడిచి వచ్చి దర్శనం చేసుకుంటానని. తమ్ముడు బతికాడు. బుల్లమ్మకి పెళ్లయింది, మొగుడు పోయాడు, పుట్టింటి వీధిలోనే చిన్న పాక వేసుకుంది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. రైలెక్కితే ఒక్కరోజు ప్రయాణం. కాని ఆమె మొక్కింది నడక.

పంతొమ్మిది వందల అరవై ఏడు ఆషాఢానికి ఆ నడక కుదిరింది. భజన పెద్ద జగన్నాధం, అతని భార్య కూర్మమ్మ, దాలయ్యకి మేనల్లుడి వరసైన పడుచువాడు ఎల్లాజీ, అప్పాతమ్ముళ్లు ఇద్దరూ. మొత్తం ఐదుగురు. పగలు నడవడం, సాయంత్రానికి ఏ సత్రంలోనో పాకలోనో ఆగి వండుకుని ఒక్కపూట తినడం. బియ్యం సంతలో నాలుగైదు రోజులకి సరిపడా కొనుక్కుంటూ పోవాలి. వంట దాలయ్యదని వేరే చెప్పనక్కర్లేదు. ఏ గిన్నె పట్టుకెళ్లాలన్న దగ్గరే మాట వచ్చింది.

బుల్లమ్మ తన ఇంట్లోంచి సిల్వరు తపేలా ఒకటి తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది. "ఐదుగురుమే గదరా. ఇది సాలదేటి? పిల్లిపిల్ల బరువు కూడా లేదు," అంది.

దాలయ్య దాన్ని వేలితో తోసి, "సిల్వరు గిన్నెలో వండింది ఆసుపత్రి కూడు అప్పా. దేవుడి దారిన నడిసేటోళ్లు తినేదేనా అది," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. యాభై మందికి సరిపోయే గుండిగ, ఆరు వీసెల తూకం. దాన్ని కావిడికి ఒక పక్క కట్టి, రెండో పక్క బియ్యం బస్తా కట్టి, దాలయ్య ఊరి చివరి దాకా కావిడిబద్ద మీద చెయ్యి వెయ్యకుండా నడిచి చూపించాడు.

కావిడి మోసినవాళ్లకి తెలిసిన సంగతే. రెండు పక్కలూ సమంగా ఉన్నంతసేపు బద్ద తనే ఊగి నడిపిస్తుంది. ఒక పక్క తేలిపోతే మెడ విరిగిపోతుంది. గుండిగ తరగదు. బియ్యం రోజూ తరుగుతాయి. టెక్కలి, పలాస దాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇచ్ఛాపురంలో కొత్తగా బియ్యం కొని బస్తా నింపాక మళ్లీ సమం కుదిరింది. బరంపురం దాటేసరికి మళ్లీ గుండిగ పక్క కుంగడం మొదలుపెట్టింది. కుడి భుజం కమిలి నీరు పట్టింది.

వెనక నడుస్తున్న ఎల్లాజీ చూస్తూనే ఉన్నాడు. "మావా, గుండిగ నిన్ను వంచేస్తన్నాది. కొంతసేపు నాకియ్యి," అన్నాడు. దాలయ్యకి అది దెబ్బలా తగిలింది. బరువు గుండిగది కాదనీ, ఇచ్ఛాపురంలో నాలుగు సేర్లు ఎక్కువ కొన్నాననీ, బియ్యమే లాగుతున్నాయనీ అబద్ధమాడాడు. ఆడిన మాట నిలబెట్టుకోవాలి కదా. ఆ పూట అందరికంటే వెనకబడి, రోడ్డు పక్క కంకర కుప్పలోంచి రెండు రాళ్లు తీసి బస్తా అడుగున వేశాడు. కావిడి సమానమైంది. ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు ఇంకో రెండు. ఋషికుల్య ఏరు దాటేటప్పుడు నీళ్లలోంచి నున్నటి రాయి ఒకటి, అరచేతంత. ఆ విధంగా, ముప్పై ఏళ్లు ఊళ్లకి అన్నం పెట్టిన దాలయ్య, ఇత్తడికి తోడుగా రాళ్లు మోసుకుంటూ దేవుడి దగ్గరికి నడిచాడు. చూసేవాళ్లకి బస్తా నిండుగానే ఉండేది.

రంభలో సంత జరుగుతోంది. బియ్యం కొందామా అని జగన్నాధం అడిగాడు. రాళ్ల మీద రెండు సేర్లు మించి లేవని దాలయ్యకి తెలుసు. కాని ఎక్కువ కొన్నానన్న మనిషి నాలుగు రోజులకే అయిపోయాయని ఎలా చెబుతాడు? బస్తా వైపు చూపించి, "ఇంకా రెండు దినాలకి ఉన్నాయి బావా," అన్నాడు. వాళ్ల కన్నుగప్పి ఏదైనా కొట్టులో కొనేద్దామని లోపల అనుకున్నాడు. వీలు చిక్కలేదు.

ఊరు దాటుతుంటే రోడ్డు పక్క ఆలుమగలిద్దరు, ఒళ్లో చంటిపిల్ల. కరువుకి కొండల మీంచి దిగి వచ్చినవాళ్లు. తెలుగు రాదు. ఆమె కొంగు పరిచింది. బుల్లమ్మ ఆగిపోయింది. బస్తా నిండా ఉన్నాయి కదా, రెండు దోసిళ్లు పొయ్యమంది. తను పోస్తాను లెమ్మని దాలయ్య బస్తా దించాడు గాని, ముడి దగ్గర వేళ్లు ఆడలేదు. బుల్లమ్మే వచ్చి ముడి విప్పింది. మిగతా ముగ్గురూ ముందుకి సాగిపోయారు. ఒక దోసిలి పోసింది. రెండోది పోసింది. మూడోదానికి ఆమె వేళ్లు రాయికి తగిలాయి.

ఆమె తల ఎత్తి తమ్ముణ్ని చూసింది. ఎదురుగా కొంగు ఇంకా పరిచే ఉంది. మిగిలిన బియ్యం రాళ్ల సందుల్లోంచి వేళ్లతో ఊడ్చి ఆ కొంగులోనే పోసి, బస్తా మూతి కట్టేసింది.

రంభ దాటాక ఒక పక్క కొండ, ఇంకో పక్క చిల్కా సరస్సు. మూడు కోసుల దాకా ఒక్క కొట్టు లేదు. వాన తుంపర మొదలైంది. సాయంత్రం ఒక పాడుపడ్డ పాకలో ఆగారు. దాలయ్య నీళ్లకి వెళ్లినప్పుడు బుల్లమ్మ ఏం చేసిందో అతనికి తర్వాత తెలిసింది. రాళ్లు ఒక్కొక్కటే తీసి తుప్పల్లోకి విసిరేసింది. ఏటిరాయి ఒక్కటి మాత్రం తన మూటలో పెట్టుకుంది. దాలయ్య వచ్చి, చేసేది తోచక, పొయ్యి రాజేసి గుండిగలో ఎసరు పెట్టాడు. నీళ్లు మరిగాయి. కూర్మమ్మ బియ్యం అందివ్వమంది. దాలయ్య కదల్లేదు.

"బియ్యం నేవు," అంది బుల్లమ్మ. "రంభ కాడ ఆ పిల్లతల్లికి నానే మొత్తం పోసేశాను."

జగన్నాధం మంచివాడే. కాని ఐదు కోసులు నడిచిన ఆకలి మీద ఉన్నాడు. "దరమం సెయ్యడానికి అయ్యి నీ ఒక్కదాని బియ్యమేటి, వదినా? ఐదుగురి కడుపులయ్యి," అన్నాడు. కూర్మమ్మ మొహం తిప్పుకుంది. బుల్లమ్మ తల వంచుకుని కూర్చుంది.

దాలయ్య నోరు విప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. మెడ చుట్టూ తన పేరున్న గుండిగని రెండు చేతులతో ఎత్తి, మరిగిన నీళ్లు పాక బయట పారబోశాడు. ఆ మాట మాత్రం రాలేదు.

తెల్లారేసరికి బుల్లమ్మకి జ్వరం. వానకీ ఆకలికీ ఒళ్లు కాలిపోతోంది. వెనక్కి రంభ దాకా బండిలో తెచ్చి, దాలయ్య ఆమెని రైలెక్కించి ఆమదాలవలసలో దింపుకున్నాడు. మిగతా ముగ్గురూ పూరీ వెళ్లి వచ్చారు. ప్రసాదం తెచ్చి ఇచ్చారు. బుల్లమ్మ కళ్లకద్దుకుని తింది.

ఆ తర్వాత రెండేళ్లు ఊరు బుల్లమ్మని 'బియ్యం పోసిన బుల్లమ్మ' అంది. ఏ ఇంట శుభకార్యమైనా బియ్యం కొలవడానికి ఆమెని పిలవడం మానేశారు. నూతి దగ్గర ఆడవాళ్లు, మా ఇంటి వైపు రాకు బుల్లమ్మా, గాదె ఖాళీ చేసేస్తావని వేళాకోళమాడేవారు. ఆమె తనూ నవ్వేది. దాలయ్య మాత్రం ఆ రెండేళ్లలోనూ పదకొండు పెళ్లిళ్లు వండాడు. ప్రతి పందిట్లోనూ అతన్ని ముందు కూర్చోబెట్టి తాంబూలమిచ్చారు. అప్ప ఇంటికి వెళ్లాలంటే మాత్రం కాళ్లు రావు. వెళితే ఆమె అరుగు మీద కూర్చుని చింతపిక్కలు కొడుతూ ఉండేది. కొట్టేది ఆ ఏటిరాయితోనే. దెప్పడానికి కాదు, చేతికి కుదురుగా ఉందని. ఆ టకటక వింటూ ఆమె పెట్టిన అన్నం అతను మింగలేకపోయేవాడు. వంట బాగులేదేటిరా అని అడిగేది.

అరవై తొమ్మిదిలో జోడు ఆషాఢం వచ్చింది. పూరీలో పాత విగ్రహాలు పోయి కొత్త విగ్రహాలు కూర్చునే ఏడు. మళ్లీ ఎన్నేళ్లకి వస్తుందో, అప్పటికి ఎవరుంటారో. జగన్నాధం మళ్లీ నడక కట్టాడు. అతను వచ్చి దాలయ్య ఇంటి అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించి, వంటకి నువ్వు రావాలన్నాడు.

"నువ్వొస్తే సాలు బావా. మీ అప్పని తేకు. ఉన్న బియ్యం దారిన పోయినోళ్లకి పోసేస్తాది. మళ్లీ ఆ పస్తు నా వల్ల కాదు," అన్నాడు.

దాలయ్య నవ్వాడు. అవునన్నట్టు తల కూడా ఊపాడు. ఆ నవ్వు తన మొహం మీద ఉండగానే, గుమ్మంలో నిలబడ్డ జగ్గమ్మ కళ్లు కనిపించాయి. ఆమెకి ఏమీ తెలియదు. అయినా అప్పని అంత మాటంటే నవ్వుతావేమిటన్నట్టు చూసింది. జగన్నాధం వెళ్లిపోయాక దాలయ్య చాలాసేపు అరుగు దిగలేదు. తను పారబోసిన ఎసరు చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది. మశూచి నాటి మొక్కు ఎవరి కోసం మొక్కిందో గుర్తుకొచ్చింది. మనిషి సిగ్గుతో కూడా చెమటలు కక్కుతాడని ఆ పూట అతనికి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సిక్కోలు బజారుకి వెళ్లాడు. గణపతిరావు పాత్రల కొట్టుకి అతను పాత ఖాతాదారు. పెళ్లిళ్లకి గంగాళాలు, జల్లిగరిటెలు తీసుకెళ్లే మనిషి. వస్తూనే సిల్వరు తపేలా చూపించమనేసరికి గణపతిరావు నమ్మలేదు. ఎవరికని అడిగాడు. నాకే, మొయ్యడానికి అన్నాడు దాలయ్య.

అతను ఆ గిన్నెని ఎంచినట్టు ఇంకెవరూ ఎంచి ఉండరు. పలచటిది చేతిలోకి తీసుకుంటే గాలిలా ఉంది గాని, అడుగు మీద బొటనవేలు నొక్కితే లోపలికి పోయింది. అలాంటిదాంట్లో అన్నం అడుగంటుతుంది. మందపాటిది మంచిదే, కాని వీసెన్నర తూగింది. అది వద్దన్నాడు. బల్లపరుపు అడుగున్నది మూడు రాళ్ల మీద కుదురుగా కూర్చోదు. గుండ్రటిది నేల మీద పెడితే దొర్లుతుంది. నడుం గుండ్రంగా ఉండి అడుగు కాస్త అణిగినది ఒకటి దొరికింది. గోటితో కొట్టి విన్నాడు. చెవులు పట్టుకుని లాగి చూశాడు. గిన్నే మూతా కలిపి వీసె కూడా తూగలేదు; మూత సరిగ్గా కూర్చుంటుందా లేదా అని తిప్పి తిప్పి పెట్టాడు. మూత వెలికిలా తిప్పితే కూరకి చట్టిలా పనికొచ్చేదిగా ఉండాలన్నాడు. పులుసు ఇందులో నిలవ ఉంచకు, నల్లబడుతుందని గణపతిరావు హెచ్చరిస్తే, పులుసుకి దారిలో మట్టిచట్టి కొంటానన్నాడు.

ఆఖరికి ఒక చిత్రమైన పని చేశాడు. పక్క కొట్లోంచి ఐదు సేర్ల బియ్యం తెచ్చి ఆ తపేలాలో పోశాడు. అంచుకి రెండు వేళ్ల కిందికి వచ్చాయి. మూత పెట్టి, తువ్వాలుతో కట్టి, చుట్టకుదురు పెట్టి నెత్తికెత్తుకున్నాడు. కొట్టు ముందు వీధి చివరి దాకా నడిచి వచ్చాడు.

"కావిడి ఏటయిందోయ్?" అన్నాడు గణపతిరావు.

"కావిడి లేదు బాబూ. గిన్నిలోనే బియ్యం. మూత తీసి సూస్తే ఎవులికైనా ఎన్నున్నాయో కనబడతాయి," అన్నాడు దాలయ్య.

ఆ మాట గణపతిరావుకి అర్థం కాలేదు. సరదాగా, దీని మీద పేరు చెక్కించనా అని అడిగాడు. వద్దని చెప్పి దాలయ్య బయటపడ్డాడు.

అటునుంచి అటే అప్ప ఇంటికి వెళ్లాడు. ఆమె పొలం గట్టుకి ఆకుకూరకి వెళ్లింది. అరుగు మీది ఏటిరాయి తీసి, తపేలాలో బియ్యం మీద పెట్టి, జగన్నాధం ఇంటికి నడిచాడు. అక్కడ కూర్మమ్మ దారిఖర్చుకి అటుకులు చెరుగుతోంది. ఎల్లాజీ చెప్పులకి కొత్త తోలువారు వేసుకుంటున్నాడు. దాలయ్య తపేలా దించి, తువ్వాలు విప్పి, మూత తీశాడు. దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ పోయాయి.

"బావా, రంభ కాడ మా అప్ప పోసినయ్యి రెండు సేర్లు కూడా నేవు. బస్తాలో మిగిలినయ్యి బియ్యం కాదు. రాళ్లున్నాయి. నానే ఏసినాను, గుండిగకి సమంగా. ఇది అందులోదే."

చేట ఆగిపోయింది. జగన్నాధం రాయి తీసి చేతిలో తిప్పి చూసి, మళ్లీ బియ్యం మీద మెల్లగా పెట్టాడు.

"అందుకేనేటి మావా, ఆ దినం బస్తా దింపితే సప్పుడు అదోలా ఉన్నాది," అన్నాడు ఎల్లాజీ. నవ్వుదామనుకుని నవ్వలేకపోయాడు.

కూర్మమ్మ కళ్లొత్తుకుంది. రెండేళ్లు ఆ ముసలిదాన్ని ఎన్ని మాటలన్నామో అని గొణిగింది. జగన్నాధం మాత్రం దాలయ్యనే చూస్తూ అడిగాడు.

"నాను దాన్ని తిడతుంటే నువ్వక్కడే ఉన్నావు గదా?"

"ఉన్నాను బావా."

"నిన్న నీ అరుగు మీదన్నప్పుడు కూడా ఉన్నావు. నవ్వినావు."

జగన్నాధం తేల్చి చెప్పేశాడు. బుల్లమ్మ వస్తుంది. బియ్యం ఆమె చేతి మీదుగా కొలత. వంట కూర్మమ్మ చేస్తుంది. దాలయ్యకి ఇష్టమైతే రావచ్చు. గిన్నె మొయ్యాలి, నీళ్లు తేవాలి, కట్టెలు ఏరాలి. గరిట ముట్టుకోకూడదు. నాలుగు వందల మందికి తడికట్టెల మీద వండిన మనిషి సరేనని తల ఊపాడు. గరిట పోయిందన్న బాధ కంటే, వెళ్లిపొమ్మనకుండా గిన్నె మొయ్యనిచ్చారన్నదే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

బుల్లమ్మకి ఆ సంగతి వీధిలోనే తెలిసిపోయింది. దాలయ్య రాయి తిరిగి తెచ్చి అరుగు మీద పెట్టేసరికి కోపంగా ఉంది.

"నానడిగినానేటి నిన్ను సెప్పమని? ఊరంతా ఇప్పుడు నా తమ్ముణ్ని అంటాది. నన్నంటే నాకేటి నొప్పి?" అంది. అని, తపేలా ఇటు లాక్కుని మూత తీసి చూసింది. వేలితో అడుగు నొక్కింది. "ఇది బాగున్నాది. పిల్లిపిల్ల బరువే," అంది. అతను అక్కడ ఉండలేక లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి అరుగు మీది గుండిగని, పేరు గోడవైపుకి వచ్చేలా తిప్పి బోర్లించాడు. జగ్గమ్మ చూసింది గాని అడగలేదు.

జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం పొద్దున్న అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని ఐదుగురూ నడక మొదలుపెట్టారు. ముందు జగన్నాధం తాళాలు. ఆ వెనక కూర్మమ్మ, బుల్లమ్మ, ఎల్లాజీ. అందరికంటే వెనక దాలయ్య, నెత్తి మీద సిల్వరు తపేలా. ఊళ్లోవాళ్లు కొందరు రోడ్డు దాకా వచ్చారు. ఒకరిద్దరు ఆ గిన్నెని చూసి మూతిమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అతనికి కనబడింది. మెడ తిప్పకుండా నడిచాడు. మొదటి మలుపు దగ్గర బుల్లమ్మ ఆగి, తమ్ముడు వచ్చి కలిసేదాకా నిలబడింది. ఆపైన ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.

జగ్గమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంది. పోవడానికి పదహారు రోజులు. జూలై పదహారున రథం. ఇరవై నాలుగున రథాలు తిరిగొచ్చే మారురథం చూసుకుని, మర్నాడు తిరుగు ప్రయాణం. మళ్లీ అన్ని రోజుల నడక. అరసవల్లి చేరి, స్వామికి దణ్ణం పెట్టుకుని, బుల్లమ్మని ముందు నడిపించుకుంటూ ఊళ్లోకి వస్తామని దాలయ్య ఆమెకి చెప్పి వెళ్లిన గడువు ఆగస్టు పదో తేదీ, ఆదివారం.